జకరయ్య ముడి

నడిమిలంక లాకుల దగ్గరున్న నీటి కార్యాలయంలో శశిభూషణ్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయనకు తెలివి కొండంత, అనుమానం దానికి రెట్టింపు.

అన్నం క్యారేజీకి తాళం వేసుకునేవాడు. కొట్టు నుంచి టీ వస్తే "ఇది నాకు పంపిందేనా?" అని రెండుసార్లు అడిగి, అది చల్లారిపోయాక తాగేవాడు. ఒకసారి బీరువా తాళంచెవిని సొరుగులో పెట్టాడు. సొరుగు తాళంచెవిని ఇంకో బీరువాలో పెట్టాడు. ఆ రెండో బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టాడో మరిచిపోయి చివరికి వడ్రంగిని పిలిపించాడు. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. అయినా పనిలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

నడిమిలంక కాలువ లాకుల దగ్గర మొదలై, ముప్పై అయిదు కిలోమీటర్లు పారి, సముద్రానికి కాస్త ఇవతల మా కొసపాలెంలో ఆగిపోతుంది. పేరులోనే ఉంది, మాది కొస. ఎగువ ఊళ్ళు తాగి, తడిపి, కడుక్కున్నాక మిగిలిన నీళ్ళే మాకు. ఆ నీళ్ళతోనే ఎనిమిది వందల ఎకరాలు పండిస్తాం. మా బియ్యం తిన్నవాడు ఇంకో ఊరి బియ్యం మెచ్చుకోగా నేను వినలేదు. కొంచెం గొప్పగా చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి, కాలువ కొసన పుట్టినవాడికి ఆ మాత్రం గొప్ప ఉండాలి.

ఎవరికి ఎన్ని నీళ్ళు అందుతున్నాయో తెలుసుకోవడానికి శశిభూషణ్ కాలువ పొడవునా ముప్పై ఆరు చిన్న పెట్టెలు పెట్టించాడు. ఒక్కో పెట్టె నీటి ఎత్తు కొలిచి, ఆ అంకెను గాలిలోనే పక్క పెట్టెకు చెప్పేది. అది దాని పక్కదానికి చెప్పేది. అలా మా కొసపాలెం మాట, తీగ అన్నది లేకుండా, లాకుల దాకా చేరేది. పెట్టెకు తిండి ఒక్క బ్యాటరీయే. మొదట్లో ఎండతో నడిచే పలకలు బిగించారు గానీ కోతులు నాలుగు రోజుల్లో పీకి పారేశాయి. అందుకని నాట్ల నుంచి కోతల దాకా ఆ ఒక్క బ్యాటరీతోనే పెట్టె బతకాలి. పెట్టె నిద్రపోతున్నంతసేపూ ఖర్చు ఏమీ లేనట్టే. నోరు తెరిచి మాట్లాడితేనే ఖర్చు.

ఒక ఏడాది ఎవరో గట్టు మీద ఒక దొంగపెట్టె పెట్టారు. అది "కొసపాలెంలో నీళ్ళు నిండుగా ఉన్నాయి" అని అబద్ధం చెప్పింది. కార్యాలయం నమ్మి లాకుల షట్టరు దించి నీళ్ళు కట్టేసింది. మా పొలాలు నాలుగు రోజులు నెర్రెలు విచ్చాయి.

శశిభూషణ్‌కు తల కొట్టేసినట్టయింది. "ఇక నా కాలువలో దొంగమాట నడవదు," అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. మరుసటి ఏడాది నాట్లకు ముందే పెట్టెలన్నిటికీ కొత్త కాపలా నేర్పాడు. ఒక పెట్టె మాట చెప్పబోతే పక్క పెట్టె ముందు "నువ్వెవరు?" అని అడగాలి. మొదటిది తన పుట్టుపూర్వోత్తరాలన్నీ చదవాలి. రెండోది కూడా చదవాలి. ఇద్దరూ కలిసి కొత్త తాళంచెవి తయారు చేసుకోవాలి. అప్పుడు అంకెను తాళంలో పెట్టి పంపాలి. అందుకున్న పెట్టె దాన్ని తెరిచి, చూసి, మళ్ళీ కొత్త తాళం వేసి పై పెట్టెకు పంపాలి. అక్కడ మళ్ళీ "నువ్వెవరు?" మొదలు. గంటకు నాలుగుసార్లు, ముప్పై ఆరు పెట్టెలూ ఇదే తంతు. చెప్పాల్సిన మాట మాత్రం "రెండడుగుల మూడంగుళాలు", అంతే.

పెద్ద కాలేజీ నుంచి ఆరితేరిన వాళ్ళను పిలిపించి, "చేతనైతే ఈ కాపలా విరగ్గొట్టండి" అని సవాలు విసిరాడు. వాళ్ళు వారం రోజులు తంటాలు పడి దండం పెట్టి వెళ్ళిపోయారు. లాకుల దగ్గర షామియానా వేసి సభ పెట్టారు. శశిభూషణ్ మెడలో పడిన దండల బరువుకు ఆయన తల వంగాలి గానీ, ఇంకా పైకి లేచింది.

ఆ సభలో వెనక వరసలో లస్కరు జకరయ్య నిలబడి ఉన్నాడు. లస్కరంటే కాలువ గట్టును, తూములను కనిపెట్టుకుని ఉండే మనిషి. కొసపాలెం వైపు గట్టు నలభై ఏళ్ళుగా ఆయనదే. చప్పట్లు ఆగాక జకరయ్య చెయ్యెత్తాడు.

"అయ్యా, ఇంతింత మాట్లాడితే ఆ బ్యాటరీ కోతల దాకా వస్తదా?"

"జకరయ్యా, దొంగను పట్టే మాట చెబుతుంటే బ్యాటరీ మాట ఎందుకు? అది తర్వాత చూద్దాంలే," అన్నాడు శశిభూషణ్.

అందరూ నవ్వారు. జకరయ్య నవ్వలేదు.

నాట్లు పడ్డాయి. పైరు కమ్ముకుంది. అరవై ఎనిమిదో రోజున, సరిగ్గా వరి పొట్టకు వచ్చే వేళ, లాకులకు దగ్గరున్న పెట్టెలు తడబడసాగాయి. ఒక మాట చెప్పి రెండు మాటలు మింగేవి. కాలువ మాటలన్నీ వాటి మీదుగానే రావాలి కాబట్టి అందరికన్నా ఎక్కువ అలసిపోయినవి అవే. ఆ సంగతి ఎవరికైనా తట్టాలి. శశిభూషణ్‌కు తట్టింది వేరు.

"దాడి! ఎవరో మన పెట్టెల నోరు నొక్కుతున్నారు!" అన్నాడు.

వెంటనే కాపలా రెట్టింపు చేశాడు. ఒకసారి అడిగే "నువ్వెవరు?" రెండుసార్లు అడగమన్నాడు. గంటకు నాలుగుసార్లు మాట్లాడేవి ఎనిమిదిసార్లు మాట్లాడాయి. మూడు రోజుల్లో లాకుల దగ్గరి ఆరు పెట్టెలూ మూగబోయాయి. ఇంక దిగువ పెట్టెలు ఎంత అరిచినా వినేవాళ్ళు లేరు. కార్యాలయంలో తెర మీద ఒక్క అంకె కూడా లేదు.

అంకె లేకుండా షట్టరు ఎత్తకూడదని కట్టుబాటు ఉంది. కొసలో నీళ్ళు ఎక్కువున్నప్పుడు ఇంకా వదిలితే గట్టు తెగి ఊళ్ళు మునుగుతాయి. అందుకని షట్టరు దించేశారు. మా కొసపాలెంలో పైరు పొట్ట మీద ఉంది. ఆ వేళ వారం రోజులు నీళ్ళు లేకపోతే గడ్డి మిగులుతుంది, గింజ మిగలదు.

శశిభూషణ్ జకరయ్యను పిలిపించాడు.

"పెట్టెల గూళ్ళ తాళాలన్నీ నీ దగ్గరే ఉంటాయి కదా?"

"నా కాడే ఉంటయ్యి అయ్యా."

"అయితే నీకు తెలియకుండా వాటి మీద చెయ్యి వేసిందెవరు?"

గదిలో గుమాస్తాలు తలలు దించుకున్నారు. జకరయ్య మొలలోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, నలభై ఏళ్ళు నా మాట మీద ఈ షట్టర్లు లేచినయ్యి, దిగినయ్యి. ఒక్కనాడు నా మాట తప్పైందని ఎవరన్నా చెబితే, నేను దొంగనే అని రాసుకోండి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. ఆమె మా కొసపాలెం నీటి సంఘానికి అధ్యక్షురాలు. పదహారెకరాల ఆసామి, ఎవరికీ జంకదు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకు ఇంకా బురద ఉంది.

"దొంగల సంగతి తర్వాత మాట్లాడుకుందాం ఇంజనీరు గారూ. ముందు ఆ పెట్టె మూత తియ్యండి," అంది.

అందరూ లాకుల పక్కనే ఉన్న రెండో నంబరు పెట్టె దగ్గరకు నడిచారు. గూడు తాళం చెక్కుచెదరలేదు. పెట్టెకు వేసిన లక్క ముద్ర అలాగే ఉంది. శశిభూషణ్ మూత విప్పి బ్యాటరీకి మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. తను ఏ పనికి ఎంత ఖర్చు పెట్టిందో పెట్టె లోపలే రాసుకుంటుంది. ఆయన దాన్ని విప్పి చదివాడు. నూరు పాళ్ళలో నీళ్ళు కొలవడానికి అయిదు పాళ్ళు, నిద్రలో మూడు, అంకె చెప్పడానికి తొమ్మిది. మిగిలిన ఎనభై మూడు పాళ్ళూ "నువ్వెవరు?" అని అడగడానికి, "నేను ఫలానా" అని చెప్పడానికి, తాళాలు వేయడానికి, తీయడానికి అయిపోయాయి.

శశిభూషణ్ ముఖం పాలిపోయింది. మంగతాయారు ఊరుకునే మనిషి కాదు.

"కంచే చేను మేసిందన్నమాట," అంది.

శశిభూషణ్ పెట్టె మూత మూశాడు. గూడు తెరవడానికి తెచ్చిన తాళాల గుత్తి పట్టుకుని జకరయ్య ముందుకు వచ్చాడు.

"తప్పు నాది జకరయ్య గారూ. నన్ను క్షమించండి," అన్నాడు.

అంతవరకూ జకరయ్యా అన్న నోరు మొదటిసారి గారూ అంది. జకరయ్య గుత్తి అందుకుని మొలలో దోపుకున్నాడు. "ఆ మాట చాలయ్యా. పైరు సంగతి చూద్దాం," అన్నాడు.

కొత్త బ్యాటరీలు రావడానికి పన్నెండు రోజులు పడుతుందన్నారు. గాలివానకు కొసపాలెం సెల్‌ఫోను టవరు పడిపోయి నెలయింది, దాన్ని లేపిన నాథుడు లేడు. ఎగువ తూములు శశిభూషణ్ జీపులో తిరిగి చూసుకోగలడు. కొసలో మాత్రం పూటపూటకూ కొలిచేందుకు మనిషి కదలకుండా ఉండాలి. ఆ అంకె నమ్మకంగా లాకులకు చేరాలి. దారిలో ఎగువ ఊళ్ళున్నాయి. నీళ్ళు అందరికీ కావాలి.

"పెట్టెలు రాకముందు మేం ఎట్టా పంపేవాళ్ళమో చూస్తారా?" అని జకరయ్య కాలువలోకి వంగి ఒక జమ్ము కాడ కోశాడు. కొడవలితో దాని మీద రెండు పెద్ద గాట్లు, మూడు చిన్న గాట్లు పెట్టాడు. "రెండడుగుల మూడంగుళాలు. దీన్ని సైకిలు మీద ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తారు."

"దాచకుండానా? దారిలో అందరూ చదివేస్తారే!"

"చదవనియ్యండయ్యా! కాలువలో ఎన్ని నీళ్ళున్నయ్యో కొంగక్కూడా తెలుసు. అందులో దాచేదేముంది? ఆ మాట చెప్పింది నేనా, ఇంకొకడా, అదొక్కటే మీకు తెలవాలి."

జకరయ్య జనపనార పోగు తీసి కాడ చివర ఒక ముడి వేశాడు. పిడికిలి విప్పి మూసేంతలో అయిపోయింది.

"ఇదే నా గుర్తు. తిథి మారితే ముడి మారుతది. అంకె మారినా మారుతది. ఎవడన్నా ఒక గాటు ఎక్కువ పెడితే ముడి కలవదు. నిన్నటి ముడి చూసి కడితే ఇయ్యాల చెల్లదు."

ఆదివారం చర్చి తప్పని జకరయ్యకు తిథులు కంఠస్థం. సముద్రం పక్కన కాలువ కాసేవాడికి ఆటూ పోటూ తెలియాలి, వాటికి చంద్రుడే లెక్క. లస్కర్లు ముడులు వేస్తారని ఊరందరికీ తెలుసు. ఏ రోజున ఏ అంకెకు ఏ ముడో మాత్రం కొసన ఉన్న లస్కరుకు, లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించే మేస్త్రీకి తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ లెక్క నాకూ తెలియదు. తెలిసినా మీకు చెప్పను.

"లాకు మేస్త్రీ పోయి ఏడేళ్ళయింది. ఇప్పుడు ఇక్కడ ఒకరికి ఈ లెక్క చెప్పాలి," అన్నాడు జకరయ్య.

"ఎవరికి చెబుతారు?" అని అడిగాడు శశిభూషణ్.

"మీకే అయ్యా."

"నేను మిమ్మల్ని దొంగ అన్నాను కదా!"

"మీరు నన్ను నమ్మలేదు. నేను మిమ్మల్ని నమ్ముతున్నా. ఎవరో ఒకరు మొదలు పెట్టకపోతే నీళ్ళు కదలవు," అని జకరయ్య గట్టు మీద కూర్చుని ఆయన చెవిలో లెక్క చెప్పాడు. శశిభూషణ్ కళ్ళు చెమర్చాయి. అది సిగ్గో, సంతోషమో ఆయనకే తెలియాలి.

ఆ మధ్యాహ్నమే జకరయ్య కొసపాలెం చేరాడు. సాయంత్రానికి మొదటి జమ్ము కాడ లాకులకు వచ్చింది. ఒక అడుగు రెండంగుళాలు. ముడి సరిపోయింది. షట్టరు లేచింది. ముప్పై అయిదు కిలోమీటర్లలో పద్ధెనిమిది మంది చేతులు మారి ఆ కాడ వచ్చింది. మా ఊరి ఆడవాళ్ళు కూడా సైకిళ్ళు తొక్కారు. ఆ పన్నెండు రోజులూ తలుచుకుంటే మాకు ఇప్పటికీ ఛాతీ విప్పారుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఒక కాడ వచ్చింది. దాని మీద నాలుగు పెద్ద గాట్లున్నాయి. కొసలో మూడున్నర అడుగులు దాటితే వెంటనే షట్టరు దించాలి. గుమాస్తాలు కంగారుగా లేచారు.

"సార్, నాలుగడుగులు! గట్టు తెగుతుంది! దించెయ్యమంటారా?"

శశిభూషణ్ కాడను చేతిలోకి తీసుకున్నాడు. మరో రోజైతే తెచ్చినవాణ్ణి, ఇచ్చినవాణ్ణి, వాళ్ళ తాతముత్తాతలనూ అడిగేవాడు. ఈసారి ఎవర్నీ ఏమీ అడగలేదు. ముడి వంక ఒక్క చూపు చూశాడు.

"దించొద్దు," అన్నాడు.

"సార్, నిజంగానే నిండి ఉంటే కొసపాలెం మునిగిపోతుంది!"

"ఇవాళ ఏకాదశి. ఇది దశమి ముడి. పైగా నాలుగడుగులకు పడే ముడి ఇది కానే కాదు. ఇది జకరయ్య గారు కట్టింది కాదు. షట్టరు అలాగే ఉండనివ్వండి."

ఆయన గొంతులో బెరుకు లేదు. అయినా సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోలేకపోయాడు. ఆ నీళ్ళ కింద ఒక ఊరు ఉంది మరి.

అయిదు గంటలకు అసలు కాడ వచ్చింది. ఒక అడుగు తొమ్మిది అంగుళాలు. ఏకాదశి ముడి. తెచ్చిన మనిషి రొప్పుతూ జరిగింది చెప్పాడు. ఎగువ ఊరు తలగూడెంలో కోటిలింగం అనే పెద్దరైతు ఎండన పడి వస్తున్నావని పిలిచి మజ్జిగ ఇచ్చాడట. మజ్జిగ తాగుతుంటే సైకిలుకు కట్టిన కాడ మాయమైంది. అది పశువుల కొట్టంలో దొరికేసరికి మూడు గంటలు దాటింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఈలోగా కోటిలింగం మనిషి నిన్న దారిలో చూసిన ముడిని అచ్చు గుద్దినట్టు కట్టి, నాలుగు గాట్లు పెట్టి లాకులకు పంపాడు. షట్టరు దించితే లాకుల పైన నీటిమట్టం పెరిగి, అక్కడున్న తన మెరకచేలకు నీళ్ళు ఎక్కుతాయని కోటిలింగం ఆశ. ముడి చూశాడు గానీ, తిథి చూసుకోలేదు. పాపం, పంచాంగం ఇంట్లోనే ఉంది!

నీళ్ళు ఆగలేదు. ద్వాదశి నాడు మా కొసపాలెం చేలల్లో జానెడు నీరు నిలిచింది. మంగతాయారు గట్టు మీద నిలబడి వరి కంకి ఒకటి చీల్చి చూసింది. లోపల గింజ పాలు పోసుకుంటోంది. ఆమె ఏడవడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు, ఆ రోజు చూశాం.

కొత్త బ్యాటరీలు వచ్చాక శశిభూషణ్ తను కట్టిన కాపలానంతా విప్పేశాడు. ప్రతి పెట్టెకూ, కార్యాలయానికీ మధ్య ఒక్క రహస్యం పెట్టాడు. అంకెను దాచకుండా పంపమన్నాడు. దాని వెనకే వేళను బట్టి, అంకెను బట్టి మారే చిన్న గుర్తు ఒకటి తగిలించమన్నాడు. రహస్యాన్ని మాటకోసారి కాక వారానికోసారి మార్చమన్నాడు. పెద్ద తాళం ఒక్కచోటే ఉంచాడు. షట్టరు ఎత్తమనో దించమనో ఇచ్చే ఆజ్ఞకు మాత్రం గట్టి కాపలా కావాలన్నాడు, ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే ఊరు పోతుంది. ఆ మరుసటి ఏడాది నాట్ల నాడు పెట్టిన బ్యాటరీలు కోతలయ్యాక విప్పి చూస్తే మూడో వంతు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ ఏడు కాలువలో ఒక్క దొంగమాట కూడా చెల్లలేదు.

రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి ఆ ఏర్పాటు చూడడానికి వచ్చాడు.

"ఏమయ్యా, పోయినసారి అంత పెద్ద కాపలా పెట్టావు. ఇప్పుడు ఇంత చిన్న గుర్తుతో సరిపెట్టావేం? ఇది చాలుతుందా?" అని అడిగాడు.

"సార్, పోయినసారి ఎవరూ విరగ్గొట్టలేని కాపలా పెట్టాను. ఎవరూ విరగ్గొట్టలేదు కూడా. కాలువే మూగబోయింది," అన్నాడు శశిభూషణ్. "దీని పేరు జకరయ్య ముడి. మా దగ్గర కాగితాల్లో కూడా అలాగే రాసుకున్నాం."

అని జనంలో నిలబడ్డ జకరయ్యను చెయ్యి పట్టి ముందుకు తీసుకొచ్చాడు. తనకు వేసిన దండ తీసి ఆయన మెడలో వేశాడు. జకరయ్య ఖాకీ చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. మా కొసపాలెం వాళ్ళం కొట్టిన చప్పట్లకు లాకుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

నీతి: ఉన్న బలమంతా కాపలాకే ధారపోస్తే కాపాడుకోవాల్సిందే చచ్చిపోతుంది, దేన్ని ఎంతవరకు కాయాలో తెలుసుకుని అంతే కాయడమే అసలైన జాగ్రత్త.